ఆరేళ్లుగా అర్రే_వాల్యూస్: పైన బంగారం, లోపలికి దిగితే జాగ్రత్త

వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో అసోసియేటివ్ అర్రేని (ప్రతి విలువకీ మనం పెట్టిన పేరు, అంటే కీ, ఉండే జాబితాని) 0, 1, 2 ఇండెక్స్‌ల మామూలు అర్రేగా మార్చాలంటే అర్రే_వాల్యూస్ ఫంక్షన్ చాలు. ఆరేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నా, ఒకే మట్టం ఉన్న అర్రేకి దీనికి తిరుగులేదు. లోపలున్న అర్రేలను మాత్రం అస్సలు ముట్టుకోదు, గొడవంతా అక్కడే.

నా దగ్గర ఆర్డర్లు ఆర్డర్ ఐడీ కీతో, ఒక్కో ఆర్డర్‌లో ఐటెమ్‌లు ఐటెమ్ కోడ్ కీతో ఉండేవి. డేటాబేస్ వరసలను గుంపులు కట్టడానికి ఇంతకంటే సుఖం లేదు. కానీ దాన్ని అలాగే బ్రౌజర్‌కి పంపడానికి జేసన్ టెక్స్ట్‌గా మార్చే జేసన్_ఎన్‌కోడ్‌కి ఇస్తే, కీలు 0 నుంచి వరసగా లేవు కాబట్టి, జావాస్క్రిప్ట్‌కి అర్రే బదులు ఆబ్జెక్ట్ వెళ్తుంది, అక్కడ అర్రేలకే ఉండే మ్యాప్ పిలవగానే ఎర్రర్. ఇదైనా వెంటనే దొరుకుతుంది. అక్కర్లేని ఐటెమ్‌లను ఏరేసే అర్రే_ఫిల్టర్ చేసేది ఇంకా చిరాకు, మిగిలినవాటి పాత కీలను అలాగే ఉంచుతుంది: చివరి ఐటెమ్ తీసేస్తే కీలు వరసగానే మిగిలి అంతా నడుస్తుంది, మధ్యలోది తీసేసిన రోజు పేజీ పోతుంది. ఖాళీ అర్రే కూడా [] గానే వెళ్తుంది, అందుకే నా టెస్టులు ఎప్పుడూ పాసే! ఒకదాన్ని తీసేసే అన్‌సెట్, రెండోసారి వచ్చినవాటిని తీసేసే అర్రే_యునీక్ కూడా ఇదే బాపతు, మిగిలిన కీలను కదపవు.

అన్ని మట్టాలకూ ఒకేసారి పని అయిపోతుందని ఐదు లైన్ల రికర్సివ్ (తనను తానే మళ్లీ పిలుచుకునే) ఫంక్షన్ రాశా. అర్రేలు కనిపించినచోటల్లా అర్రే_వాల్యూస్ పిలుస్తుంది. దెబ్బకి ఐటెమ్‌లోని 'పేరు', 'ధర' కీలు కూడా ఎగిరిపోయి 0, 1 మిగిలాయి. సరే, కీలన్నీ అంకెలైతేనే మార్చు అని షరతు పెట్టా. '12' లాంటి స్ట్రింగ్ కీని పీహెచ్‌పీ తనంతట తానే పూర్ణాంకంగా మార్చేస్తుంది కాబట్టి చాలా రోజులు బాగానే నడిచింది. తర్వాత '007' అనే కోడ్ వచ్చింది. ముందు సున్నా ఉంటే అది స్ట్రింగ్‌గానే ఉండిపోతుంది, ఆ ఒక్క ఆర్డర్ ఆబ్జెక్ట్‌గా వెళ్లింది, కారణం దొరికేసరికి సగం రాత్రి అయింది. (అర్రే_వాక్_రికర్సివ్ కూడా చూశా, అది చివరి విలువల దగ్గరికే వెళ్తుంది, ఈ పనికి రాదు.)

ఇప్పుడు ఆ ఫంక్షన్ తీసేశా. ఫారీచ్‌లో ఒక్కో ఆర్డర్‌కి ఐటెమ్‌ల మీద అర్రే_వాల్యూస్, లూప్ అయ్యాక మొత్తం ఆర్డర్ల మీద ఇంకోసారి, అంతే. ఎక్కడ లిస్టు కావాలో డేటా చూసి ఊహించడం కంటే నేనే చెప్పడం మేలనిపించింది. కీ పోతే ఐడీ కూడా పోతుంది కాబట్టి మార్చేముందు దాన్ని లోపల ఒక ఫీల్డ్‌గా పెట్టుకోవాలి, నేను రెండుసార్లు మర్చిపోయా. వరస మాత్రం మారదు, పెట్టిన క్రమంలోనే వస్తుంది, కీల క్రమంలో కాదు. 2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1లో, కీలు 0 నుంచి వరసగా ఉన్నాయో లేదో చెప్పే అర్రే_ఈజ్_లిస్ట్ ఉంది, ఇప్పుడు నా టెస్టుల్లో మధ్యలో ఒక ఐటెమ్ తీసేసి మరీ దాంతో చూస్తున్నా. తిరిగి ఐడీ కీలే కావాలంటే అర్రే_కాలమ్‌ ఫంక్షన్‌కి మొదట అర్రే, రెండో ఆర్గ్యుమెంట్‌గా నల్ (ఖాళీ విలువ), మూడోదిగా ఐడీ ఫీల్డ్ పేరు ఇస్తే సరిపోతుంది.