డాబా మీది రేకుల షెడ్డుకు గట్టర్: జీఐ, పీవీసీ, గాల్వాల్యూమ్ మూడూ వాడాక

గట్టర్ అంటే చూరు నుంచి జారే నీళ్లను పట్టి పైపుకు పంపే కాలువ. అది ఏ మెటీరియల్‌దైనా పాడయ్యేది మూడు చోట్లే: అతుకు దగ్గర, దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర, నీళ్లు కిందికి దిగే కన్నం దగ్గర. షాపులో మాత్రం మాటంతా మెటీరియల్ గురించే నడుస్తుంది. పీవీసీయా, రేకా, తుప్పు పడుతుందా, ఎన్నేళ్లు వస్తుంది అని. ఆ ఆలోచనలో సగం ఈ మూడు చోట్ల మీద పెడితే ఏది వేసినా ఏళ్ల తరబడి నిలుస్తుంది.

హైదరాబాద్‌లో స్లాబు ఇంటికి మామూలుగా గట్టర్ అక్కర్లేదు. డాబాకు వాలు, పిట్టగోడకు తూము, తూముకు పైపు ఉంటే చాలు. డాబా మీద రేకుల షెడ్డు వేసినప్పుడో, ముందు పోర్టికోకు పెంకులు పరిచినప్పుడో గట్టర్ పని పడుతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య మూడు నాలుగడుగుల సందే ఉండే కాలనీల్లో రేకు మీది నీళ్లు అంత ఎత్తు నుంచి సందులో పడితే మన గోడా తడుస్తుంది, పక్కింటి గోడా తడుస్తుంది. ఏడాది తిరిగేసరికి లోపల పుట్టీ ఉబ్బుతుంది, పక్కింటివాళ్లతో మాట పట్టింపు వస్తుంది.

ఇక్కడ చెప్పేది రెండు చూరుల గురించి. వెనక వైపు కలర్ కోటెడ్ రేకుల షెడ్డు: 40 అడుగుల చూరు, 16 అడుగుల వాలు. ముందు వైపు మంగళూరు పెంకుల పోర్టికో: 20 అడుగుల చూరు. మొదట రెండింటికీ జీఐ, అంటే జింకు పూత ఇనుప రేకు గట్టరే ఉండేది. అది తుప్పు పట్టాక వెనక 6 అంగుళాల అర్ధచంద్రాకారపు పీవీసీ, ముందు గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిపిన పూత ఉన్న) రేకును పెట్టె ఆకారంలో వంచి చేయించిన గట్టర్ పెట్టడం జరిగింది. రెండూ ఎన్నో వానాకాలాలు చూశాయి. 2020 అక్టోబర్ వానను కూడా తట్టుకున్నాయి.

ఆ వాన సంగతి ఎత్తడానికి కారణం ఉంది. 2020 అక్టోబర్ 13న బేగంపేటలో 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్లు పడింది. అంతకుముందు 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది. ఇవి రోజంతటి లెక్కలు. గట్టర్‌కు రోజు లెక్కతో పని లేదు, ఎంత వేగంగా పడిందన్నదే ముఖ్యం. రాత్రంతా పడిన ముసురుకు 4 అంగుళాల గట్టర్ కూడా చాలు. మే నెల సాయంత్రం ఉరుములతో పావుగంట దంచే వానకు అదే పొంగిపోతుంది. అందుకే సైజు లెక్క గంటకు కనీసం 100 మిల్లీమీటర్ల వేగానికి వేయాలి.

లెక్క తేలికే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 40 అడుగుల చూరు, 16 అడుగుల వాలు అంటే 640 చదరపు అడుగులు, దాదాపు 60 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు గంటకు 6,000 లీటర్లు, నిమిషానికి 100 లీటర్లు. జాతీయ భవన నిర్మాణ కోడ్ పట్టిక ప్రకారం ఆ వేగానికి 75 మి.మీ. పైపు ఒకటి సుమారు 20 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది, 100 మి.మీ. పైపు సుమారు 43 చదరపు మీటర్లకు. అంటే ఈ చూరుకు 4 అంగుళాల పైపులు రెండు కావాలి. ఒక్కో పైపుకు 30 చదరపు మీటర్లే వస్తుంది కాబట్టి వాన ఇంకాస్త పెరిగినా భయం లేదు. చూడ్డానికి సన్నగా బాగుంటుందని 3 అంగుళాల పైపు ఒక్కటే ఒక మూలకు దించేస్తుంటారు. గట్టర్ పొంగితే నెపం గట్టర్ మీదికి పోతుంది. నిజానికి నీళ్లు దిగలేక పొంగుతుంది.

రెండు పైపులు రెండు చివర్లకు పెడితే ఇంకో లాభం ఉంది. గట్టర్ వాలు మధ్య నుంచి రెండు వైపులకూ పోతుంది. పది అడుగులకు అర అంగుళం చొప్పున వాలు ఇస్తే 20 అడుగులకు ఒక అంగుళమే దిగుతుంది. ఒకే చివరకు ఇస్తే రెండంగుళాలు దిగాలి. అప్పుడు ఆ చివర రేకు అంచుకూ గట్టర్‌కూ మధ్య సందు పెరిగి గాలివానకు నీళ్లు బయటికి కొట్టుకుపోతాయి. వాలు చూడటానికి రసమట్టం చాలదు, పొడవు మీద తప్పు చూపిస్తుంది. మేస్త్రి వాడే లెవెల్ పైపుతో రెండు చివర్లూ మధ్యా గుర్తులు పెట్టి, దారం లాగి, ఆ దారానికి బ్రాకెట్లు బిగించాలి.

పాత జీఐ గట్టర్ ఎందుకు పోయింది? రేకు మధ్యలో చివరిదాకా బాగానే ఉంది. గ్రైండర్‌తో కోసిన అంచుల దగ్గర, అతుకుల దగ్గర, కుంగి నీళ్లు నిలిచిన చోట కన్నాలు పడ్డాయి. గ్రైండర్ వేడికి కోత పక్కన జింకు పూత కాలిపోతుంది. ఎగిరిన ఇనుప రవ్వలు పూత మీద అతుక్కుని చుక్కలు చుక్కలుగా తుప్పు మొదలుపెడతాయి. రేకు కత్తెరతోనే కోయించాలి. పూత లెక్కా అడగాలి. 120 జీఎస్‌ఎం అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు, ఒక వైపుకు ఎనిమిదిన్నర మైక్రాన్లు కూడా సరిగ్గా రాదు. 275 జీఎస్‌ఎం అయితే ఒక వైపుకు సుమారు 19 మైక్రాన్లు. గట్టర్‌లో బురద తడి నెలల తరబడి ఉంటుంది కాబట్టి జీఐ వేయాలనుకుంటే 275కు తక్కువ తీసుకోవద్దు. కన్నాలకు తారు టేపు అతికించడం ఆ సీజన్ గడవడానికి మాత్రమే. ఎండకు అంచులు లేచిపోతాయి.

గాల్వాల్యూమ్ పూతలో 55 శాతం అల్యూమినియం, మిగిలినదాంట్లో దాదాపు అంతా జింకు. 150 గ్రాముల పూత ఒక వైపుకు 20 మైక్రాన్ల మందం వస్తుంది, అదే మందం జింకు పూత కన్నా నిదానంగా అరుగుతుంది. మందం గేజ్‌లో అడగొద్దు, ఆ లెక్క షాపుకో రకంగా ఉంటుంది. మిల్లీమీటర్లలో అడిగి కొలిపించుకోండి. 0.6కు తక్కువైతే నిచ్చెన తగిలినా సొట్ట పడుతుంది. రాణిగంజ్‌లో రేకు కొని, బాలానగర్ వైపు బెండింగ్ షాపుల్లో వంచించుకోవచ్చు. 4 అడుగుల వెడల్పు రేకును మూడు పట్టీలుగా చీలిస్తే ఒక్కోటి 16 అంగుళాలు: వెనక గోడ ఐదున్నర, అడుగు ఆరు, ముందు గోడ నాలుగు, పై మడత అర అంగుళం. ముక్క వృథా పోదు. 8 అడుగుల రేకు ఒక్కటి మూడు ముక్కలిస్తుంది. 6 అంగుళాల చొప్పున రెండు అతుకులు పోయినా 23 అడుగులు, 20 అడుగుల పోర్టికోకు సరిపోతుంది.

వెనక గోడ ముందు గోడ కన్నా ఎత్తు ఉండటం తప్పనిసరి. ఎప్పుడో ఒకప్పుడు గట్టర్ పొంగుతుంది. పొంగిన నీళ్లు ముందుకు పడితే నేల తడుస్తుంది, వెనక్కి పడితే గోడలోకి దిగుతాయి.

రేకు అతుకులో పైవైపు ముక్క లోపలా, పల్లం వైపు ముక్క దాని కిందా రావాలి, నీళ్లు పారే దిశకు ఎదురుగా అంచు ఉండకూడదు. రెండు రేకుల మధ్య సీలెంట్ గీతలు రెండు వేసి, అంగుళంన్నరకు ఒకటి చొప్పున రెండు వరసల రివెట్లు. సీలెంట్ కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లటి ఘాటు వచ్చే సిలికాన్ జింకు పూతను తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగాలి. ఇంకో రెండు జాగ్రత్తలు: తడి సిమెంటు ఈ పూతకు తగలకూడదు, ఏసీ నీళ్ల పైపు గట్టర్‌లోకి వదలకూడదు. ఏసీ నీళ్లలో రాగి ఆనవాళ్లు ఉంటాయి, చుక్క పడే చోటే రేకు తినుకుపోతుంది. రేకు గట్టర్‌కు కరెంటు సర్వీసు వైరు, కేబుల్ వైరు ఆనించి కట్టడం ప్రాణాంతకం.

ఇక పీవీసీ. తుప్పు లేదు, బరువు లేదు, ఇద్దరు మనుషులు ఒక పూటలో బిగించేస్తారు. దీని గొడవంతా ఎండతోనే. పీవీసీ మీటరుకు ఒక డిగ్రీకి దాదాపు 0.07 మి.మీ. సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నం ఎండలో కాలిన గట్టర్‌కూ 45 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. అంటే 3 మీటర్ల ముక్క 9 మి.మీ. పైగా సాగి ముడుచుకుంటుంది. ప్లంబర్లకు పీవీసీ కనపడగానే సొల్యూషన్ (జిగురు) పూయడం అలవాటు. ముక్కకూ ముక్కకూ కలిపే యూనియన్లన్నీ అతికించేస్తే ఆ 9 మిల్లీమీటర్లకు చోటుండదు. గట్టర్ పాములా వంకర తిరుగుతుంది, లేదా మొదటి ఎండాకాలంలోనే మూల చిట్లుతుంది. రబ్బరు సీలు ఉన్న యూనియన్లు తీసుకోండి. లోపల గీత గుర్తు ఉంటుంది, గట్టర్ అంచు ఆ గీత దాకానే రావాలి. చలికాలంలో బిగిస్తే పూర్తి ఖాళీ వదలాలి, మే నెలలో బిగిస్తే తక్కువ చాలు. సీలుకు సబ్బు నీళ్లు రాసి కూర్చోబెడితే చిరగదు.

40 అడుగుల చూరుకు పట్టిన సరుకు: గట్టర్ ముక్కలు 4, యూనియన్లు 3, అవుట్‌లెట్లు (నీళ్లు పైపులోకి దిగే కన్నం ఉన్న ముక్కలు) 2, ఎండ్ క్యాపులు 2, బ్రాకెట్లు 24. పది అడుగులని అమ్మే ముక్క నిజానికి 3 మీటర్లు, అంటే 9 అడుగుల 10 అంగుళాలు. నాలుగు ముక్కలకు 8 అంగుళాలు తగ్గుతుంది, అవుట్‌లెట్లు ఆ లోటు పూడుస్తాయి. కొనేముందు ఇది కొలుచుకోకపోతే ఒక ముక్క కోసం మళ్లీ షాపుకు పోవాలి. పైపులు ఐఎస్ 13592 టైప్ ఏ, 110 మి.మీ. (పైన చెప్పిన 4 అంగుళాలవే) చాలు. ఆ టైపు వాన నీటి కోసం ఉన్నదే. సందులో స్కూటర్లు తగిలే కింది ఐదారడుగులకు మాత్రం మందమైన టైప్ బీ వేస్తే పగలదు.

బ్రాకెట్లు రెండడుగులకు ఒకటి, అతుకుకూ అవుట్‌లెట్‌కూ ఆరంగుళాల లోపు ఇంకోటి. మూడడుగులకు ఒకటి చాలంటారు. వాన నీళ్లకైతే చాలుతుందేమో గానీ తడి బురద, కోతులు, శుభ్రం చేసేవాళ్ల చెయ్యి, ఇవన్నీ మోయాలి కదా. బ్రాకెట్‌ను రేకుకు బిగించొద్దు, రేకు వంగుతుంది. చివరి పర్లిన్‌కు (రేకులను మోసే అడ్డ కమ్మీకి) సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలతో బిగించాలి. పర్లిన్ చూరుకు దూరంగా ఉంటే 25×3 మి.మీ. జీఐ పట్టీ వంచి, దాని మీద నుంచి బ్రాకెట్ తేవాలి.

రేకు అంచు గట్టర్‌లోకి రెండంగుళాలు రావాలి. ఎక్కువైతే జోరు వానకు నీళ్లు గట్టర్ దాటి దూకుతాయి, శుభ్రం చేయడానికి చెయ్యీ పట్టదు. తక్కువైతే సన్నటి వానకు నీళ్లు రేకు కింది అంచు పట్టుకుని వెనక్కి పాకి గోడ మీదికి వస్తాయి. గట్టర్ కారుతోందని పిలిచే ఇళ్లలో చాలాచోట్ల అసలు కారణం ఇదే. అతుకులకు ఎంత సీలెంట్ పూసినా ఆగదు. రేకు అంచును ప్లయర్‌తో కొద్దిగా కిందికి వంచినా, సన్నటి డ్రిప్ పట్టీ కొట్టించినా ఆగిపోతుంది.

చెత్త సంగతికి వస్తే, ఇక్కడ వేపాకు, కానుగాకు, కొత్త కట్టడాల సిమెంటు దుమ్ము మూడూ కలిసి పడతాయి. గట్టర్ పైన కప్పే జాలి మీద వేపాకులు చాపలా పరుచుకుని నీళ్లు పైనుంచే పోతాయి. బ్రష్ రకం గార్డులో బురద ఇరుక్కుంటుంది. పనిచేసేది అవుట్‌లెట్‌లో నిలబెట్టే గుమ్మటం ఆకారపు జాలి ఒక్కటే. ఆకులు చుట్టూ చేరినా పై నుంచి నీళ్లు దిగుతాయి. ఉగాదికి ముందు వేపాకు రాలడం అయిపోయాక ఒకసారి, మృగశిర కార్తె లోపు ఒకసారి, దసరాకు ఒకసారి తీయాలి. మొదటి వానకు ముందు తీయడం అన్నిటికన్నా ముఖ్యం. సిమెంటు దుమ్ము తడిసి అవుట్‌లెట్ దగ్గర గడ్డకట్టిందంటే సుత్తి పెట్టాల్సి వస్తుంది. పక్షుల రెట్టల్లో వచ్చిన రావి మొలకలను రెండాకులప్పుడే పీకేయాలి, వేరు అతుకులోకి దూరితే సీలు పోయినట్టే. గట్టర్‌కు నిచ్చెన ఆనించకూడదు. మూడో అంతస్తు ఎత్తులో పిట్టగోడ దాటి వంగేవాళ్లకు నడుముకు తాడు ఉండాలి.

పైపును డాబా మీదే వదిలేయడం ఇంకో పొరపాటు. నీళ్లు పడే చోట వాటర్‌ప్రూఫింగ్ అరిగి స్లాబు కారుతుంది. నేరుగా కిందికి దించి, చిన్న మట్టి తొట్టిలో మట్టి దిగనిచ్చి ఇంకుడు గుంతకు కలపాలి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు కలిపితే జోరు వానలో మురుగు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తుంది.

బిగించిన రోజే పరీక్ష చేయించుకోవాలి. అవుట్‌లెట్లకు గుడ్డలు కుక్కి గట్టర్ నింపి అరగంట ఆగితే కారే అతుకు బయటపడుతుంది. గుడ్డ తీశాక ఎక్కడైనా చిన్న మడుగు నిలిస్తే అక్కడి బ్రాకెట్ ఎత్తించాలి. మేస్త్రి డబ్బు తీసుకుని వెళ్లాక ఈ పని ఎవరూ చేయరు.

ఇన్నేళ్లకు పీవీసీ రంగు వెలిసి పైన తెల్లపొడి పట్టింది, ఎండ తగిలే అంచు పెళుసుబారింది. ఒక వడగళ్ల వానకు ఒక ఎండ్ క్యాప్ పగిలింది. గాల్వాల్యూమ్ గట్టర్‌లో ఒక అతుకు సీలెంట్ మార్చడం తప్ప మరే పనీ పడలేదు. మళ్లీ కొనాల్సి వస్తే పడమటి ఎండ పడే పొడవాటి చూరుకు గాల్వాల్యూమే వేయాలి. నీడ సందులో, చెయ్యి అందే చోట పీవీసీ చాలు. పీవీసీ తీసుకునేవాళ్లు అదే బిల్లు మీద రెండు యూనియన్లు, నాలుగు బ్రాకెట్లు, రెండు ఎండ్ క్యాపులు అదనంగా కొని నీడలో దాచుకోండి. ఒక కంపెనీ యూనియన్ ఇంకో కంపెనీ గట్టర్‌కు పట్టదు. అదే కంపెనీ కూడా నాలుగేళ్లకు ఆకారం కొంచెం మార్చిందంటే పాత ముక్కకు కొత్త సీలు కూర్చోదు.