రోటరీ ఇంజన్ గైరో కిట్ కొనేవాళ్ళు జాగ్రత్త: చల్ల ఇంజన్ స్టార్ట్ చేసిన వీడియో చూసి డబ్బులు పంపొద్దు

కర్నూలు, అనంతపురం, కడప వైపు సొంతంగా గైరోప్లేన్ (పైన గాలికి తిరిగే రోటర్ రెక్కలు, వెనక నెట్టే ప్రొపెల్లర్ ఉండే చిన్న విమానం) కట్టుకుంటున్నోళ్ళం తక్కువమందిమే ఉన్నాం, ఆ కొద్దిమంది ఫోన్లలో ఇప్పుడు ఒకటే ప్రకటన తిరుగుతా ఉంది, "మాజ్డా ఆర్‌ఎక్స్-8 రోటరీ ఇంజన్, ఫుల్ ఓవర్‌హాల్, రిడక్షన్‌తో సహా, ఏ గైరోకైనా నేరుగా బిగించుకోవచ్చు" అని. రిడక్షన్ అంటే ఇంజన్ చుట్లు తగ్గించి ప్రొపెల్లర్‌కి ఇచ్చే గేర్ డబ్బా. అమ్మేది బయటి రాష్ట్రం డీలర్. కంప్లయింట్ పెట్టినా కాబట్టి పేరు రాయడం లేదు. అదే కిట్ నేను తెప్పించినా, విప్పినా, లోపల ఏముందో కళ్ళారా చూసినా, అందుకే చెప్తున్నా, ఇది పూర్తిగా చదివినాకనే అడ్వాన్స్ సంగతి ఆలోచించండి.

ముందు ఆ వీడియో గురించి. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ఠక్కున అందుకుంటుంది, రెండు నిమిషాలు రేజ్ చేసి ఆపేస్తారు, చూసినోడికి ఇంకేం కావాల, కొత్తదాని మాదిరి ఉంది అనిపిస్తుంది. మామూలు పిస్టన్ ఇంజన్‌కి అది కొంతవరకు సరిపోతుందేమో గానీ రోటరీకి అస్సలు సరిపోదు అన్నా. దీంట్లో పిస్టన్లు, వాల్వులు ఉండవు, మూడు మూలల రోటర్లు రెండు తిరుగుతాయి, ఆ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్ళే కంప్రెషన్ పట్టి ఉంచేది. సీళ్ళు అరిగిపోయినా సరే చల్లగా ఉన్నప్పుడు చాలాసార్లు బాగానే స్టార్ట్ అవుతుంది. అసలు సంగతి వేడెక్కినాక బయటపడుతుంది. బాగా కాగినాక ఆపేసి, పది నిమిషాలు ఆగి మల్లా సెల్ఫ్ కొడితే తిరుగుతానే ఉంటుంది, అందుకోదు. నాకు వచ్చిన ఇంజన్ అచ్చం ఇదే చేసింది. డీలర్‌కి ఫోన్ చేసి "వేడి మీద స్టార్ట్ చేసి వీడియో పంపండి" అని అడిగితే "బ్యాటరీ వీక్ సార్, ప్లగ్గులు మార్చండి సార్" అని ఒకటే పాట, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

కంప్రెషన్ చెక్ చేసినాం అని కాగితం కూడా ఇస్తారు, దాన్ని నమ్మొద్దు. మామూలు మెకానిక్ దగ్గర ఉండే గేజ్ రోటర్‌కి ఉన్న మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నదాన్నే పట్టుకుని ముల్లు అక్కడే నిలబెడుతుంది, మిగతా రెండు చచ్చిపోయినా తెలీదు. రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది, ఒక్కో రోటర్‌కి మూడు రీడింగులు, మొత్తం ఆరు రావాల. ఆర్‌ఎక్స్-8 ఇంజన్‌కి 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకు కనీసం 6.9 కేజీ అయినా చూపించాల, ఒకే రోటర్ మూడు ముఖాల మధ్య పెద్ద తేడా ఉండకూడదు. డీలర్ కాగితంలో రోటర్‌కి ఒకటి చొప్పున రెండే అంకెలు ఉన్నాయి, ఆర్‌పీఎం ఎంతో రాయనే లేదు. నా టెస్టులో వెనక రోటర్ ఒక ముఖం 5 కూడా దాటలేదు. పాత ఆర్‌ఎక్స్-7 ఇంజన్లకైతే ఎగ్జాస్ట్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి సీళ్ళు చూడొచ్చు, ఆర్‌ఎక్స్-8 కి ఎగ్జాస్ట్ పోర్టులు పక్క ప్లేట్లలో ఉంటాయి, అందుకని అట్ల కుదరదు, ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించాల్సిందే. ఈ ఇంజన్లలో కంప్రెషన్ పడిపోవడం కొత్తేమీ కాదు, అమెరికాలో 2004-2008 కార్లకు మాజ్డానే ఇంజన్ కోర్ వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు పెంచాల్సి వచ్చింది. కాబట్టి "జపాన్ సరుకు, ఏం కాదు" అనే మాటకి చెవి ఇవ్వొద్దు.

ఇంకొకటి చానా ముఖ్యం. కారులో ఉన్నప్పుడు సీళ్ళు అరగకుండా ఒక పంపు కొద్దికొద్దిగా ఆయిల్ లోపలికి కొడుతుంది, దాన్ని కారు కంప్యూటరే నడిపిస్తుంది. వీళ్ళు ఆ కంప్యూటర్‌ను (ఈసీయూ) తీసేసి వేరేది పెట్టి ఆ పంపును ఊరికే ప్లేటుతో మూసేసినారు, ఆ మాట కొనేవాడికి చెప్పరు. పంపు లేకపోతే టూ స్ట్రోక్ ఆయిల్‌ను పెట్రోల్లోనే కలపాల, లీటరుకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు అట్ల. ఇది తెలియకుండా ఉట్టి పెట్రోల్ పోసి నడిపినోళ్ళ సీళ్ళు ఏమవుతాయో వేరే చెప్పాల్నా? ఎవరైనా ఇప్పటికే ఈ కిట్ తీసుకుని ఉంటే ఇప్పుడే పోయి ఆ ప్లేటు ఉందో లేదో చూసుకోండి.

రిడక్షన్ గురించి అయితే కడుపు రగిలిపోతుంది. ఈ ఇంజన్ పవర్ ఇచ్చేది 7000, 8000 ఆర్‌పీఎం దగ్గర. 68 అంగుళాల ప్రొపెల్లర్‌ను నేరుగా 7500 లో తిప్పితే కొస వేగం శబ్దం వేగానికి దాదాపు రెండింతలు, అది జరిగే పనే కాదు, అందుకే 2.85 కి ఒకటి లాంటి రిడక్షన్ పెట్టి ప్రొపెల్లర్‌ను 2600 చిల్లరకు దించుతారు. అంటే మన ప్రాణం మొత్తం ఆ డబ్బా మీదే ఉన్నట్టు. వచ్చిన రిడక్షన్‌ను బళ్ళారి చౌరస్తా వైపు తెలిసిన లేత్ షాపుకి తీసుకుపోయినా, పెద్దాయన ఫ్లేంజి మీద డయల్ గేజ్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పినాడు, ముల్లు ఒకవైపు పోయి మల్లా వెనక్కి వచ్చి అరమిల్లీమీటరు దాకా ఊగింది. బేరింగ్ కూర్చునే బోరులో వేలు పెట్టి తడిమి "ఇది మిషన్ మీద కొట్టిన బోరు కాదు నాయనా, డ్రిల్లుతో పెద్దది చేసి ఆకురాయితో సాపు చేసినారు, చూడు గీతలు" అన్నాడు. నిజంగానే గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, పైన నల్ల పెయింట్ కొట్టేసినారు. ఇంజన్ షాఫ్ట్‌కీ గేర్‌కీ మధ్య రబ్బరు కప్లింగ్ గానీ డాంపర్ గానీ ఏమీ లేదు, ఇనుముకి ఇనుమే. ప్రతి చుట్టుకీ రెండు రోటర్లు రెండు దెబ్బలు కొడతా ఉంటే అటు పక్క బరువైన ప్రొపెల్లర్ నిలబడి ఉంటే మధ్యలో షాఫ్ట్ మెలిపడుతుంది, ఆ ఊపు ఒక ఆర్‌పీఎం దగ్గర కుదిరిందంటే గేర్ పళ్ళు రాలిపోతాయి. గాలిలో ఉండగా అయితే? కోపం కాదు, భయం వేసింది నాకు.

"ఏ గైరోకైనా నేరుగా బిగించుకోవచ్చు" అనేది ఇంకో పచ్చి అబద్ధం. ప్రకటనలో 80 కిలోలు అన్నారు, రిడక్షన్, స్టార్టర్, రేడియేటర్, ఆయిల్ కూలర్, ఎగ్జాస్ట్ అన్నీ కలిపి ఉల్లిగడ్డల మండీలో కాటా మీద పెడితే 150 కిలోలు దాటింది, గైరోల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 ఇంజన్‌కి దాదాపు రెండింతలు. గైరోలో ఇంజన్ మాస్ట్ (పైన రెక్కలను మోసే స్తంభం) వెనక ఉంటుంది, అంత బరువు వెనక పడితే సీజీ (బరువు కేంద్రం) మొత్తం మారిపోతుంది. రిడక్షన్ వల్ల ప్రొపెల్లర్ పైకి లేస్తే నెట్టే గీత సీజీకి పైన పోతుంది, గైరోలో పైన తిరిగే రోటర్ రెక్కల మీద లోడు ఒక్క క్షణం తగ్గినా ఇంజన్ ముక్కును కిందికి తోసేస్తుంది, అట్ల ముందుకు బోర్లా పడితే పైలట్ చేతిలో ఏమీ ఉండదు. గైరోల్లో మనుషులు చనిపోయిన కారణాల్లో ఇది పెద్దది. కొత్త ఇంజన్ ఏది పెట్టినా పైలట్‌ను కూర్చోబెట్టి, పెట్రోల్ పోసి, పై రెక్కల రోటర్ హెడ్ బోల్ట్ దగ్గర గైరోను వేలాడదీసి కోణం కొలవకుండా నేల మీద కూడా పరిగెత్తించొద్దు.

రేడియేటర్ చిన్న కారుది ఇచ్చినారు. రోటరీలో వేడి మూడో వంతు దాకా ఆయిల్ ద్వారానే బయటికి పోవాల, మంచి ఆయిల్ కూలర్ లేకపోతే మే నెల కర్నూలు ఎండలో నేల మీద ఆడించేటప్పుడే కాగిపోతుంది. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయ్యిందంటే అల్యూమినియం హౌసింగులు, ఇనుప ప్లేట్లు వేరువేరుగా సాగి మధ్యలో నీటి సీళ్ళు పోతాయి. కొనేముందు తెల్లారి చల్ల ఇంజన్ మీద రేడియేటర్ గొట్టం నొక్కి చూడండి, రాత్రంతా ఆగినా గట్టిగా ఉబ్బి ఉంటే నీళ్ళలోకి గ్యాస్ పోతున్నట్టే, అట్లాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

"ఎక్స్‌పెరిమెంటల్ కదా, పర్మిషన్ అక్కర్లేదు" అని కూడా చెప్తారు, అదీ తప్పే. డీజీసీఏ (పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ) కాగితాలు లేకుండా ఎగరేయడానికి లేదు, పైగా మనకు ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంది.

రోటరీ ఇంజనే చెడ్డది అనడం లేదు నేను. సరిగ్గా కట్టినది మంచిదే, కదిలే భాగాలు తక్కువ, వణుకు తక్కువ, సీలు పోయినా చాలావరకు ఒకేసారి పట్టేయకుండా కొంత పవర్ ఇస్తా దిగడానికి టైం ఇస్తుంది. కానీ ఆరు రీడింగులు, వేడి మీద స్టార్ట్, రిడక్షన్‌కి డయల్ గేజ్, ఈ మూడూ మన కళ్ళ ముందు చేసి చూపించనోడికి పైసా ఇవ్వొద్దు.

ఇప్పటికే మోసపోయినోళ్ళు ఎవరైనా ఉంటే బిల్లు, వాట్సాప్ మెసేజిలు, ఆ వీడియో ఏదీ డిలీట్ చేయొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి కంప్లయింట్ నమోదు చేయించండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, డీలర్ ఊరికి తిరగాల్సిన పని లేదు. టెస్టర్ నా దగ్గరే ఉంది, కర్నూలు చుట్టుపక్కల ఎవరికైనా ఇంజన్ వచ్చి ఉంటే డబ్బు మొత్తం కట్టేలోపు చెప్పండి, ఆదివారం వచ్చి చూసి పెడతా.