రత్నపుర: గనికి తప్పకుండా వెళ్లండి, షోరూమ్‌లో మాత్రం అడుగు పెట్టకండి

శ్రీలంకలో ఎనిమిది రోజులు తిరిగాం. కొలంబో, క్యాండీ హాయిగా గడిచిపోయాయి, ఇబ్బందేమీ లేదు. రాయాలనిపించింది రత్నపుర గురించే, ఎందుకంటే అక్కడ మా మామగారు 95,000 శ్రీలంక రూపాయలు పోగొట్టుకున్నారు, ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆయనకి మంచి నీలం కొనాలని ఎప్పటినుంచో కోరిక. "రాళ్లు దొరికే ఊళ్లోనే కొంటే మోసం ఎందుకుంటుంది" అన్నారు, నాకూ నిజమే అనిపించింది. కొలంబోలోని పెట్టా బస్టాండ్ నుంచి మామూలు బస్సులో మూడున్నర గంటలు, మనిషికి 380. గెస్ట్‌హౌస్ గది 6,500, ఏసీ లేదు కానీ శుభ్రంగా ఉంది.

బస్సు దిగగానే ఆటో అతను "జెమ్ మ్యూజియం చూపిస్తా" అని 1,500కి ఎక్కించుకున్నాడు. ఆ మ్యూజియం అంటే ముందుగదిలో నాలుగు అద్దాల బీరువాలు, గోడకి గని ఫొటోలు, వెనకాల ఏసీ షోరూమ్. టీ ఇచ్చారు, మామగారిని పేరుకి ముందే "అంకుల్" చేసేసుకున్నారు. 2.1 క్యారెట్ల నీలం తీసి నల్లగుడ్డ మీద పెట్టారు. ఒక్క మచ్చ లేదు, రంగు అంచు నుంచి అంచు దాకా ఒకేలా ఉంది. రంగు కోసం వేడి చేయని సహజమైన రాయి అని సర్టిఫికెట్ చూపించారు, అది వాళ్ల షాపు పేరుతో అచ్చేసిన కార్డు! ల్యాబ్‌లో చూపించి వచ్చి కొంటాం అన్నాను. "అంకుల్‌కి మా మీద నమ్మకం ఉంది, మీకే లేదు" అన్నాడు షోరూమ్ అతను. మామగారు నావైపు చూసిన చూపుకి ఇక మాట్లాడలేకపోయాను, ఆయన 95,000 ఇచ్చి కొనేశారు. మా ఆవిడ ఆ రాత్రంతా ఇద్దరితోనూ ముభావంగానే ఉంది.

మర్నాడు గెస్ట్‌హౌస్ యజమాని తనకి తెలిసిన గనికి పంపించాడు, బండితో కలిపి 3,000. ఈ యాత్ర మొత్తంలో నేను మర్చిపోలేనిది అదే. గని అంటే ఏ కొండో తవ్వడం కాదు, వరిచేను పక్కన బావిలాంటి గొయ్యి. నాలుగు పక్కలా దుంగలు పేర్చి, మట్టి జారకుండా వాటి వెనక ఫెర్న్ ఆకులు కుక్కుతారు. ఊరే నీళ్లని పంపు తోడేస్తూనే ఉండాలి. పూర్వం నదులు కొండల నుంచి కొట్టుకొచ్చి పరిచిన గులకరాళ్ల పొర అడుగున దొరుకుతుంది, దాన్ని 'ఇల్లం' అంటారు. పైకి తెచ్చిన ఇల్లాన్ని వెదురుబుట్టలో పోసి నడుంలోతు నీళ్లలో గుండ్రంగా తిప్పుతుంటే తేలికైనవి అంచు మీంచి పోతాయి, బరువైనవి అడుక్కి చేరతాయి. నీలం సాంద్రత 4, మామూలు పలుగురాయిది 2.65, అందుకే బుట్ట చాలు. బుట్ట తిప్పిన పెద్దాయన చివరి గుప్పెడు రాళ్లని ఎండకి వాల్చి వేళ్లతో నెమ్మదిగా తోస్తుంటే అందరం ఊపిరి బిగబట్టి చూశాం. చిన్న గార్నెట్లు కొన్ని, పాలు కలిపినట్టు మబ్బుగా ఉన్న రాయి ఒకటి. అంతే!

ఆ మబ్బురాయే 'గ్యూడా'. ఒకప్పుడు పనికిరాదనుకున్న ఈ రాళ్లని 1970ల్లో థాయ్ వ్యాపారులు చవగ్గా కొనుక్కుపోయి, కొలిమిలో 1,600 డిగ్రీలు దాటించి నీలాలుగా మార్చి అమ్ముకున్నారు. ఇప్పుడు ఆ పని లంకలోనూ చేస్తున్నారు. గనిలో కూలీలకి భోజనం, దొరికిన దాంట్లో వాటా. భూమి ఆసామికి, లైసెన్సుదారుకి, పంపు పెట్టినవాడికి కూడా వాటాలున్నాయి. రాయి అక్కణ్నుంచి బ్రోకరు చేతికి, సానపట్టేవాడికి, బేరువల లాంటి మార్కెట్లకి వెళ్తుంది. మడగాస్కర్‌లో 1998లో ఇలకక దగ్గర నీలాలు బయటపడ్డాక అక్కడి రాళ్లు కూడా లంకకి వస్తున్నాయని పెద్దాయనే చెప్పాడు, దాచలేదు. "సిలోన్ రాయి" అనగానే నమ్మేయకండి.

మామగారు నిన్నటి నీలం ఆయనకి చూపించారు. లెన్స్ కంటికి ఆనించి చాలాసేపు చూశాడు, కాగితంలో మడిచి తిరిగిచ్చేశాడు. "కొలంబోలో ల్యాబ్‌కి చూపించండి" అన్నాడు, అంతే. బండిలో మామగారు ఒక్క మాట మాట్లాడలేదు.

కొలంబోలో నేషనల్ జెమ్ అండ్ జ్యువెలరీ అథారిటీ ల్యాబ్‌కి వెళ్లాం. అక్కడి అమ్మాయి మమ్మల్నీ మైక్రోస్కోప్‌లో చూడమంది. రాయి లోపల సన్నటి వంపు గీతలు, ముగ్గులో మెలికల్లా. భూమిలో పెరిగిన నీలంలో ఈ గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయట. వంపు తిరిగాయంటే మంటలో పొడి కరిగించి చేసిందే, వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో ప్రకటించిన పద్ధతి. రసాయనికంగా అది నీలమే, గనికి మాత్రం సంబంధం లేదు. మనిషి చేసిన రాయి అని చెప్పి అమ్మితే తప్పు లేదు, గని రాయి అని 95,000 తీసుకోవడం దొంగతనం.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. గని చూడటానికి ఒక పూట కేటాయించండి, మీరు దిగిన చోటివాళ్లనే అడగండి, ఆటోవాళ్ల మ్యూజియంకి వెళ్లకండి. కొనాలనుంటే ల్యాబ్‌కి మీతో వచ్చే వ్యాపారి దగ్గరే కొనండి, రానంటే లేచి వచ్చేయండి, ఇంట్లోవాళ్లు కోప్పడినా సరే.

ల్యాబ్ మెట్ల మీద నిలబడే షోరూమ్‌కి ఫోన్ చేశాం. మొదటిసారి ఆ "అంకుల్" అన్నవాడే ఎత్తాడు, ల్యాబ్ అన్న మాట వినగానే పెట్టేశాడు. తర్వాత నాలుగుసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.