సన్‌ఫ్లవర్ లెసిథిన్ పొడి: నా మార్కులు సరుకు కన్నా ప్యాకెట్‌కే ఎక్కువ

నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచడానికి వాడే ఈ డీఆయిల్డ్ (నూనె తీసేసిన) సన్‌ఫ్లవర్ లెసిథిన్ పొడిని మా యూనిట్‌లో కొన్నేళ్లుగా వాడుతున్నాం. కర్కుమిన్ (పసుపులోని పదార్థం) క్యాప్సూల్స్‌లో, ఇంకొకరి బ్రాండ్‌కి చేసిచ్చే ఫేస్ క్రీమ్‌లో, అప్పుడప్పుడూ ఫార్మా వాళ్లు అడిగే ట్రయల్ జెల్‌లో. ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందు ఎత్తేది దాని ప్యాకెట్ సంగతి. ఫ్యాక్టరీలోనే నైట్రోజన్ నింపి సీలు వేసిన 1 కిలో అల్యూమినియం పౌచ్. దీనికే ఇంత మురిసిపోవాలా అని మా పర్చేజ్ ఆయన నవ్వుతాడు. ఆయనకు కనిపించేది కిలో రేటు. నాకు గుర్తొచ్చేవి పారబోసిన బ్యాచ్‌లు.

అసిటోన్‌లో కరగని భాగం 95 శాతం పైన, తేమ ఇంత, యాసిడ్ వాల్యూ ఇంత అని స్పెసిఫికేషన్ షీట్‌లో ఉండేవన్నీ మీకు తెలిసినవే. ఏ మంచి తయారీదారు సరుకులోనైనా అవి కాస్త అటూఇటూగా ఒకటే. అసలు తంటా వేరే. నూనె తీసేయడానికి అసిటోన్‌తో కడిగినప్పుడు, ఆ నూనెతో పాటే దాన్ని కాపాడే టోకోఫెరాల్ (విటమిన్ ఈ) కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలేది మెత్తటి పొడి. గాలి తగిలే చోటు ఎక్కువ, తేమ పీల్చే గుణం ఎక్కువ, పైగా అందులోని కొవ్వు ఆమ్లాల్లో పెద్ద వాటా గాలికి త్వరగా చెడే లినోలిక్‌దే. రోజూ టన్నుల్లో వాడే కంపెనీ 20 కిలోల కార్టన్ తెరిస్తే మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుంది. మాకు బ్యాచ్‌కి రెండు మూడు కిలోలు చాలు, మళ్లీ అవసరం పడేది ఎన్నో వారాలకు. కార్టన్ కొంటే ఈలోగా దాని సంచి మూతికి క్లిప్పు పెట్టి, సిలికా జెల్ పొట్లం పడేసి, దేవుడి మీద భారం వేయడమే. జీడిమెట్లలో జూలై వానల్లో ఆ సంచి మళ్లీ తెరిస్తే లోపల పొడి ఉండదు, బెల్లం అచ్చులు ఉంటాయి.

పౌచ్ విలువ నాకు పూర్తిగా తెలిసొచ్చింది మాత్రం 2022లో. ఆ ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. సన్‌ఫ్లవర్ నూనె ఎగుమతుల్లో సింహభాగం యుక్రెయిన్, రష్యాలదే. లెసిథిన్ అంటే ఆ ముడి నూనెకు నీళ్లు కలిపి విడదీసే జిగురే కాబట్టి, గింజ ఆడకపోతే ఇదీ లేదు. మాకు మామూలుగా ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ చేతులెత్తేశాడు. ఇక్కడే ఒక ట్రేడర్ దగ్గర అదే బ్రాండు, అదే 1 కిలో ప్యాకెట్లు ఉన్నాయని తెలిసి తెప్పించాం. సీఓఏ (తయారీదారు ఇచ్చే పరీక్షల సర్టిఫికెట్) బాగుంది. కొవ్వు గాలికి ఎంత చెడిందో చెప్పే పెరాక్సైడ్ వాల్యూ 2 లోపే. లేబుల్ మీద లాట్ నంబర్, సీఓఏ మీది నంబర్ ఒక్కటే.

డిస్పెన్సింగ్‌లో (సరుకు తూచి ఇచ్చే చోట) ఉండే కుర్రాడు ఒక ప్యాకెట్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, సీలు చూడుండ్రి. ఎప్పుడూ వచ్చేదాని లెక్క లేదు" అన్నాడు. ఫ్యాక్టరీ సీలు వేలెడు వెడల్పున, గీతలు గీతలుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా సూటిగా ఉంటుంది. ఇది సన్నటి గీత. ఒక మూల వంకర తిరిగి, మధ్యలో పొడి ఇరుక్కుపోయి ఉంది. షాపుల్లో చిప్స్ ప్యాకెట్లకు వాడే హ్యాండ్ సీలర్ పని. కత్తిరించి చూస్తే పొడి బాగానే ఉన్నట్టుంది, రంగే కొంచెం ముదురు.

ట్రేడర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, సీఓఏ చూడండి, పెరాక్సైడ్ ఎంతుందో. డౌట్ ఉంటే మీరే టెస్ట్ చేయించుకోండి" అన్నాడు. బయటి ల్యాబ్‌కి పంపాం. పెరాక్సైడ్ నిజంగానే తక్కువ వచ్చింది. ఆయన గొంతులో ధీమా మరింత పెరిగింది.

ఇక్కడ చాలామంది మోసపోతారు. పెరాక్సైడ్‌లు ఆక్సిడేషన్‌లో, అంటే గాలికి కొవ్వు చెడడంలో, మొదటి మెట్టు మాత్రమే. కొన్నాళ్లకు అవి విరిగి ఆల్డిహైడ్‌లు అవుతాయి, అప్పుడు పెరాక్సైడ్ వాల్యూ తనంతట తానే దిగిపోతుంది. అంటే తాజా సరుకులోనూ తక్కువే, బాగా పాడైన సరుకులోనూ తక్కువ ఉండొచ్చు. ఆల్డిహైడ్‌లు పట్టుకోవడానికి అనిసిడిన్ పరీక్ష ఉంది కానీ, లెసిథిన్ విషయంలో దాని అంకెను కళ్లు మూసుకుని నమ్మలేం. లెసిథిన్‌కి ఉండే రంగు ఆ పరీక్షకు అడ్డం, అందులో ఉండే ఫాస్ఫాటిడైల్ ఇథనాలమైన్ అనే ఫాస్ఫోలిపిడ్ (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వు) అయితే ఆ ఆల్డిహైడ్‌లనే పట్టేసుకుంటుంది. రంగు ముదరడానికి కారణం కూడా ఆ జోడీయే.

కాబట్టి అంకెలు పక్కన పెట్టి, పాత లాట్ నుంచి దాచి ఉంచిన రిటైన్డ్ శాంపిల్ తీశాం. రెండు బీకర్లు, 40 డిగ్రీల నీళ్లు, రెండింటిలో ఒకే తూకం. పాతది మీగడ రంగులో విచ్చుకుంది, వాసన చూస్తే పచ్చి పప్పు గింజల్లా ఏదో కొంచెం. ట్రేడర్ సరుకు టీ రంగుకి తిరిగింది. వాచ్ గ్లాస్ మూత తీయగానే పాత నూనె వాసన గుప్పున కొట్టింది. గదిలో ఉన్న నలుగురిలో ఎవరినీ అభిప్రాయం అడగాల్సిన పని లేకపోయింది.

సీలు ఫొటోలు, బీకర్ల ఫొటోలు పంపాక ట్రేడర్ దారికొచ్చాడు. 20 కిలోల కార్టన్ కొని, తన గోడౌన్‌లో విప్పి, కిలో చొప్పున కట్టి, సీఓఏ మాత్రం అసలుది జత చేశాడు. "అందరూ కిలో కిలో అడుగుతుంటే నేనేం చేయను మేడమ్" అన్నది ఆయన వివరణ. అబద్ధమని అనను. మాలాంటి వాళ్లే అడుగుతున్నాం. డబ్బు వెనక్కి రాలేదు, క్రెడిట్ నోట్ వచ్చింది. దాన్ని ఇంతవరకు వాడుకోలేదు, వాడుకునే ఉద్దేశం కూడా లేదు. ఈలోపే ఆయన సరుకుతో చేసిన క్రీమ్ కొంత బయటికి వెళ్లిపోయింది. బ్రాండ్ ఓనర్ ఫోన్ చేసి, "మూత తీస్తే మైనం పెన్సిళ్ల వాసన వస్తోందండీ" అన్నప్పుడు పడిన టెన్షన్ మళ్లీ వద్దు.

సరఫరా కుదుటపడ్డాక పాత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే ఫ్యాక్టరీ సీలు పౌచ్‌లు తీసుకుంటున్నాం. ఒక బ్యాచ్‌కి ఎన్ని కావాలో అన్నే కోస్తాం, మిగతావాటికి గాలి తగలదు. గడువు దగ్గర పడిన పౌచ్ ఒకటి కోసి తాజాదాని పక్కన పెడితే వాసనలో తేడా పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచే నాకు ఈ ప్యాకెట్ మీద ఇంత ప్రేమ.

ఇక కొన్ని సర్దుబాట్లు. సన్‌ఫ్లవర్ లెసిథిన్‌కి వాసనే ఉండదని మొదట్లో తోటి ఫార్ములేటర్లకు చెప్పేదాన్ని. తాజాగా ఉన్నప్పుడు, క్యాప్సూల్‌లో మూసేసినప్పుడు అది నిజం. తెల్లటి, సువాసన లేని క్రీమ్‌లో అంత నిజం కాదు, రంగు కూడా లాట్‌ని బట్టి మారుతుంది. అందుకే ఆ క్రీమ్‌ని చాలావరకు హైడ్రోజనేటెడ్ లెసిథిన్‌కి మార్చాం. అందులో డబుల్ బాండ్లు దాదాపు ఉండవు, పాడవడం చాలా తక్కువ. దానికి దాని పేచీ ఉంది. సుమారు 50 డిగ్రీలు దాటితే తప్ప నీటిలో సరిగ్గా విచ్చుకోదు, వేడికి ఆగని యాక్టివ్‌లు (క్రీమ్‌లో అసలు పని చేసే పదార్థాలు) ఉంటే తిప్పలే. ఈ సన్‌ఫ్లవర్ పొడి అయితే గది వేడిమిలోనే కలిసిపోతుంది. కాబట్టి మొదట చెప్పిన మూడు వాడకాల్లో క్రీమ్‌ది ఇప్పుడు సగం లెక్కే.

సన్‌ఫ్లవరే ఎందుకు అంటే, నిజాయితీగా, సగం కారణం లేబుల్. 2022 కొరతలో కొన్నాళ్లు ఇండోర్ వైపు నుంచి సోయా లెసిథిన్ తెచ్చి క్యాప్సూల్స్ చేశాం. మన దేశంలో జీఎం (జన్యుమార్పిడి) సోయా సాగుకు అనుమతి లేదు కాబట్టి ఆ బెడద కూడా లేదు. క్యాప్సూల్‌లో పనితీరులో నాకు తేడా కనిపించలేదు. కానీ సోయాని అలర్జెన్‌గా లేబుల్ మీద చెప్పాలి. "సోయా లేదు" అని ముందే అచ్చేయించుకున్న కార్టన్లన్నీ మూలన పడ్డాయి.

కర్కుమిన్ సంగతిలోనూ ఒక మాట. ఈ పొడిలో ఫాస్ఫాటిడైల్ కొలీన్ అనే ముఖ్యమైన ఫాస్ఫోలిపిడ్ సుమారుగా నాలుగో వంతే. దీన్ని కర్కుమిన్‌తో కలిపేసి ఫైటోసోమ్ (ఫాస్ఫోలిపిడ్‌తో జోడించి ఒంటికి బాగా పట్టేలా చేసిన రూపం) తరహా అని ప్రచారం చేద్దామని మా మార్కెటింగ్ వాళ్లకు ఆశ. నేను ఒప్పుకోలేదు. అది కావాలంటే కొలీన్ శాతం బాగా ఎక్కువున్న గ్రేడ్ కొనాలి, తయారీ పద్ధతీ వేరు.

ఫార్మా వాళ్లకైతే నా మెప్పు ఇంకా తగ్గుతుంది. పై పూతకు చేసే ట్రయల్ జెల్ దాకా సరే. 2021 మేలో బ్లాక్ ఫంగస్ పెరిగి దానికి మందైన లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ దొరక్క జనం అల్లాడుతుంటే, మీ దగ్గర లెసిథిన్ ఉందటగా అని మాకు కూడా ఫోన్లు వచ్చాయి. ఆ ఇంజెక్షన్‌కి వాడేది హైడ్రోజనేటెడ్ సోయా ఫాస్ఫాటిడైల్ కొలీన్, దాంతో పాటు డీఎస్‌పీజీ అనే మరో ఫాస్ఫోలిపిడ్, కొలెస్టరాల్. ఇంజెక్షన్ గ్రేడ్, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థాల) పరిమితులు, దాని కాగితాలు వేరే లోకం. ఎంత చక్కటి పౌచ్‌లో వచ్చినా ఫుడ్ గ్రేడ్ పొడి ఆ గడప తొక్కలేదు.

పౌచ్‌కి కూడా లోపాలున్నాయి. కార్టన్‌తో పోలిస్తే కిలోకి రేటు బాగా ఎక్కువ. వేడిని ఆపడం దాని చేత కాదు. ఒక మే నెలలో ముంబై నుంచి లారీలో వచ్చిన సరుకు సీలు చెక్కుచెదరకుండానే లోపల ముద్దకట్టింది. వాసన బాగానే ఉంది, దంచి జల్లెడ పట్టి వాడుకున్నాం, కానీ ఆ పని చేసిన కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వేసవికి కావలసింది ఉగాదిలోపే తెప్పించుకుంటున్నాం. ఏసీ స్టోర్ నుంచి తెచ్చిన పౌచ్‌ని బయటి వేడికి వచ్చేదాకా కోయనివ్వం. చల్లటి పొడికి వానాకాలం గాలి తగిలితే చెమ్మ పట్టేస్తుంది.

మీ వాడకం మాలాగే తక్కువై, ఎక్కువగా క్యాప్సూల్స్ చేసేవాళ్లయితే ఆ ఎక్కువ రేటు పెట్టొచ్చని నా లెక్క. పెద్ద యూనిట్ అయితే కార్టనే కొనండి. డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడు కనీస ఆర్డర్ పెంచుతానంటున్నాడు, అంత సరుకు గడువులోపు మా ఒక్కరి వల్ల ఖర్చు కాదు. బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న యూనిట్ల వాళ్లెవరైనా కలిసి ఒకే ఆర్డర్ పెడదామంటే నేను రెడీ. పంచుకోవడం మాత్రం సీలు విప్పని పౌచ్‌లే.