బండి నంబర్ ఎవరు మార్చాలి: ఉద్యోగా, ఆఫీసా?

వరంగల్ దగ్గర మడికొండ ఐటీ పార్కులో కంపెనీ అయినా, హనుమకొండలో ఆసుపత్రి అయినా, బండి నంబర్‌ను గేటు కెమెరాతో గుర్తుపట్టే పార్కింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాక వచ్చే చిక్కు ఇదే: అందులో ఉద్యోగుల బండి నంబర్లు ఎవరు ఎక్కించాలి, ఎవరు మార్చాలి?

శ్రమ: ఉద్యోగులే యాప్‌లో మార్చుకుంటే ఆఫీసుకు పని తక్కువ. అడ్మిన్ ఎక్సెల్ షీటుతో ఎక్కిస్తే ఒకరి సమయం దానికే పోతుంది.

వేగం: ఉద్యోగి కొత్త బండి కొన్నరోజే మార్చగలరు. అడ్మిన్ దగ్గర తర్వాతి అప్‌లోడ్ దాకా ఆగాలి. ఈలోగా గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో రోజూ టెన్షనే.

తప్పులు: అసలు తేడా ఇక్కడే. మన పార్కింగుల్లో ఏపీ 36, టీఎస్ 03, టీజీ 03 పక్కపక్కనే ఉంటాయి. 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది కొత్త రిజిస్ట్రేషన్లకే, పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి. ఇది తెలియక ఎవరైనా టీఎస్‌ను టీజీగా కొడితే గేటు కెమెరా ఆ బండిని గుర్తుపట్టదు. కొత్త బండికి ముందు టీఆర్ (తాత్కాలిక) నంబర్, తర్వాత పర్మనెంట్ నంబర్ వస్తాయి. రెండోది యాప్‌లో ఎక్కించడం చాలామంది మర్చిపోతారు. అడ్మిన్ ఆర్సీ చూసి ఎక్కిస్తే ఇవన్నీ తగ్గుతాయి.

భద్రత: ఉద్యోగం మానేసినవాళ్లు తమ బండిని తామే తీసేస్తారని ఆశించవద్దు. ఏ పద్ధతిలోనైనా ఇది ఆఫీసు పనే. రిలీవింగ్ రోజే తీసేయాలి.

యాభై బండ్ల లోపు ఆఫీసుకు అడ్మిన్ పద్ధతే నయం. వందల మంది షిఫ్టుల్లో వచ్చే చోట ఉద్యోగులకే వదలండి, కానీ ఆర్సీ ఫొటో చూసి అడ్మిన్ ఓకే చేశాకే నంబర్ మారేలా సెట్టింగ్ పెట్టండి.