చెడిపోయిన హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ: ఐదేళ్లు దాటిన వాడకం తర్వాత

ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు పోయిందంటే కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెప్పేవారే ఎక్కువ. నేను డిస్కు ఒక్కటే మార్చాను. చెడిపోయింది 1 టెరాబైట్ సామర్థ్యంతో, నిమిషానికి 5400 సార్లు తిరిగే మామూలు డిస్కు. దాని స్థానంలో పెట్టింది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్కు: క్రూషియల్ ఎంఎక్స్500, 500 జీబీ, రెండున్నర అంగుళాల సాటా రకం (సాటా అంటే డిస్కును బోర్డుకు కలిపే మామూలు పద్ధతి). దానికిచ్చిన ఐదేళ్ల వారంటీ కూడా ముగిసింది. డిస్కు మాత్రం ఇంకా పని చేస్తోంది. కొన్న కొత్తలో రాసే పొగడ్తలకూ ఇన్నేళ్ల తర్వాత చెప్పగలిగే మాటలకూ తేడా ఉంటుంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పాత డిస్కు ఒక్కసారిగా పోలేదు, చాలా రోజులు సతాయించింది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోయేది. పక్కనే ఉన్న వేగం చూస్తే సెకనుకు ఒక మెగాబైట్ కూడా ఉండేది కాదు. ఈ రెండు అంకెలూ కలిసి కనిపిస్తే వైరస్ అనో, ర్యామ్ చాలడం లేదనో అనుకునే ముందు డిస్కును అనుమానించాలి. చదవలేని సెక్టార్ (డిస్కులో డేటా దాచే చిన్న భాగం) ఎదురైతే డిస్కు దాన్నే మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, ఆలోగా మిగతా పనులన్నీ ఆగిపోతాయి. అనుమానం తీర్చుకోవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో స్మార్ట్ పట్టికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడవలసినవి ముఖ్యంగా మూడు: 5వ నంబరు (పాడై, వేరే చోటికి మార్చిన సెక్టార్లు), 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్నవి), 198 (ఇక చదవలేనని తేల్చినవి). నా డిస్కులో 197 రోజురోజుకూ పెరుగుతూ పోయింది. 199 ఒక్కటే పెరుగుతూ ఉంటే మాత్రం డిస్కును నిందించే ముందు కేబుల్ చూడండి. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా దారిలో వచ్చే తప్పుల లెక్క.

ఈ దశలో చాలామంది చెక్ డిస్క్ నడుపుతారు. నేను నడపలేదు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే పనిముట్టు. మరణావస్థలో ఉన్న డిస్కును గంటల తరబడి అటూ ఇటూ పరుగెత్తించడం తప్ప దానివల్ల డేటాకు మేలు జరగదు. లైనక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్ డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు మొత్తాన్ని అంతకంటే పెద్దదైన బయటి డిస్కులోకి నకలు తీశాను. దాని పద్ధతి తెలివైనది. ముందు తేలికగా వచ్చేదంతా తీసుకుంటుంది, మొండికేసిన చోట్లను గుర్తు పెట్టుకుని దాటిపోతుంది, వాటి పని చివర్లో పడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రాదు. రాత్రంతా నడిచింది. ఆ తర్వాత ఫైళ్లన్నీ నకలు నుంచే వెలికి తీశాను. మధ్యలో తెగిపోయిన కొన్ని వీడియోలు మినహా అన్నీ దక్కాయి. డిస్కు లోపల టక్ టక్ అని లయగా కొట్టుకుంటూ ఉంటే ఈ పని కూడా చేయకూడదు. అది చదివే హెడ్ దారి తప్పిందనడానికి గుర్తు, తిప్పిన కొద్దీ పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. అందులో ఉన్నది విలువైనదైతే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవారికి అప్పగించాలి. ఫ్రీజర్‌లో పెట్టి చూడమనే పాత చిట్కా జోలికి పోవద్దు, లోపల తేమ పట్టి ఉన్నదీ పోతుంది.

కొనే ముందు చూసుకోవలసింది ఏ రకం పడుతుందనేదే. రెండున్నర అంగుళాల సాటా డిస్కుల్లో 7 మిల్లీమీటర్ల మందం ఉన్నవీ 9.5 మిల్లీమీటర్లు ఉన్నవీ ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీలు దాదాపు అన్నీ 7 మిల్లీమీటర్లవే కాబట్టి పెద్ద అరలో కాస్త వదులవుతాయి. నాకు పెట్టెలోనే ఒక ప్లాస్టిక్ చట్రం వచ్చింది, దాన్ని అతికిస్తే సరిపోయింది. ఎం.2 అర (చిన్న పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీలు పెట్టేది) ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని సాటా రకం, కొన్ని అంతకంటే వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకం. ఒకదాని కోసం చేసిన అరలో రెండోది పెడితే డిస్కు కనిపించదు. ల్యాప్‌టాప్ మాన్యువల్ చూడకుండా కొనకండి.

బిగించే పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సున్నా సైజు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ఒకటి, కింది మూతను లేపడానికి పలుచటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటే చాలు. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, పాత డిస్కు చుట్టూ ఉన్న లోహపు చట్రాన్ని కొత్తదానికి మార్చాలి, స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రంలోకే వెళ్లేలా కాగితం మీద వరుసగా పెట్టుకోవాలి.

చెడిపోయిన డిస్కు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను క్లోన్ చేయమని కొందరంటారు. ఏ సిస్టమ్ ఫైలు సగం చదవబడిందో తెలియనప్పుడు ఆ రోగాన్ని కొత్త డిస్కులోకి ఎందుకు తేవడం? విండోస్ 10ను 8 జీబీ పెన్ డ్రైవ్ నుంచి కొత్తగా ఎక్కించాను. యాక్టివేషన్ గురించి భయపడనక్కర్లేదు, డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, డిస్కు మార్చినంత మాత్రాన పోదు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే కొత్త డిస్కును వాపసు ఇచ్చేయకుండా బయోస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) సాటా మోడ్ చూడండి. అది రెయిడ్ అనే మోడ్‌లో ఉంటే చాలాసార్లు ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కు మార్చగానే డిస్కు కనిపిస్తుంది. పాత డిస్కు మీద బిట్‌లాకర్ (డిస్కులోని డేటాను ఇతరులు చదవకుండా విండోస్ వేసే రక్షణ) తాళం ఉన్నవారు రికవరీ కీ దొరికేదాకా దేన్నీ కదపకూడదు. ఆ 48 అంకెలు లేకపోతే ఎంత చక్కగా తీసిన నకలైనా తెరుచుకోదు.

ఇక ఫలితం. పెట్టె మీద సెకనుకు 560 మెగాబైట్లని రాసి ఉంటుంది, పాత డిస్కు వంద దగ్గర ఉండేది. ల్యాప్‌టాప్ స్వభావం మారింది ఈ ఐదారు రెట్ల వల్ల కాదు. తిరిగే డిస్కు 11 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. కావలసిన ముక్క హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, హెడ్ జరగడానికి ఇంకొంత సమయం పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద కూడా చదవలేదు. ఎస్‌ఎస్‌డీలో జరిగేదీ తిరిగేదీ ఏమీ లేదు, అదే సమయంలో వేలల్లో చదువుతుంది. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు జరిగేదంతా చిన్న ఫైళ్ల వేటే. రెండు మూడు నిమిషాలు పట్టే పని పావు నిమిషంలో అయిపోతోంది, ఇన్నేళ్లలో అది చెప్పుకోదగినంత మందగించలేదు. ల్యాప్‌టాప్ నడుస్తుండగానే ఎత్తి పక్కన పెట్టేటప్పుడు ఉండే భయం కూడా పోయింది.

మారనివీ ఉన్నాయి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని ఆశపెట్టేవారి మాట నమ్మకండి, నా దగ్గర తేడా లెక్కలోకి రానంత చిన్నది. తెర, ప్రాసెసర్ తినేదాని ముందు డిస్కు తినేది ఎంత? వీడియో ఎడిటింగ్‌లో తుది ఫైలు తయారు కావడానికి పట్టే సమయం అలాగే ఉంది. 4 జీబీ ర్యామ్‌తో పాతిక ట్యాబ్‌లు తెరిచేవారికి ఇబ్బంది కొంత తగ్గుతుంది, పోదు.

ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం నాకూ ఉండేది. ఈ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన రాత పరిమితి 180 టెరాబైట్లు. రోజూ ఆఫీసు పని, ఫొటోలు, అప్పుడప్పుడు వీడియోలు చేసినా ఇప్పటికి రాసింది 30 టెరాబైట్లు దాటలేదు. ఈ లెక్కన డిస్కు అరిగేలోపు ల్యాప్‌టాప్ మడత బందులే ఊడిపోయేలా ఉన్నాయి. డిస్కును అంచుదాకా నింపకుండా కొంత ఖాళీ ఉంచడం, ట్రిమ్ (తుడిచేసిన ఫైళ్ల చోటు ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పని చేస్తోందో లేదో ఒకసారి చూసుకోవడం తప్ప ప్రత్యేకమైన సంరక్షణ ఏదీ చేయలేదు. డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం టీఎల్‌సీ రకమా (చిప్‌లో ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేది), క్యూఎల్‌సీ రకమా (నాలుగు బిట్లు దాచేది) అని అడగండి. చౌకగా దొరికే క్యూఎల్‌సీలో ఒకేసారి పెద్ద మొత్తం రాస్తే లోపలి వేగవంతమైన భాగం నిండిపోయి, వేగం తిరిగే డిస్కు స్థాయికి పడిపోవచ్చు. చదవడమే ఎక్కువగా ఉండేవారికి అది పట్టింపు కాదు.

నాకు నచ్చనిది ఒక్కటుంది, అది ఏ ఒక్క మోడల్ లోపమూ కాదు. పాత డిస్కు పోయే ముందు మూలిగింది, నెమ్మదించింది, నకలు తీసుకునే వ్యవధి ఇచ్చింది. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ చిప్ పోతే నిన్న పనిచేసింది ఇవాళ బయోస్‌లో కూడా కనిపించదు. పొరపాటున తుడిచేసిన ఫైలును తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ చాలావరకు చేతులెత్తేస్తాయి, తుడిచిన చోటును ట్రిమ్ ఖాళీ చేయించేస్తుంది. అందుకే వారానికోసారి బయటి డిస్కులోకి బ్యాకప్ నడిచేలా పెట్టుకున్నాను. ఆ బయటి డిస్కు మాత్రం తిరిగే రకమే. రాత పరిమితి అయిపోయిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటాను నిలిపితే చాలన్నది మామూలు కంప్యూటర్ల ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ (చిప్‌ల పరిశ్రమ ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది కానీ, బీరువాలో పడేసి మరచిపోయే వస్తువుగా దాన్ని నేను వాడను.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది, నా ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అదే డిస్కు మీద ఇప్పుడు లైనక్స్ ఎక్కించి వాడుతున్నాను. మదర్‌బోర్డు పోయిన రోజున డిస్కును తీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటాను. తర్వాత కొనే ల్యాప్‌టాప్ ఎంత పలుచగా ఉన్నా, నిల్వ చిప్‌లను బోర్డుకే అతికించినదైతే కొనను.