భీమవరంలో వైండింగ్ షాపు: స్లాట్లు లేని స్టేటర్‌కి కాయిల్స్ చుట్టించాం

మా ఈఈఈ ఫైనలియర్ పిల్లలు యాక్సియల్ ఫ్లక్స్ జనరేటర్ (అయస్కాంత క్షేత్రం ఇరుసు వెంబడి సాగే రకం) ప్రాజెక్టు పెట్టుకున్నారు. రెండు వైపులా అయస్కాంతాలు అతికించిన డిస్కులు, మధ్యలో ఇనుము లేని స్టేటర్ (తిరగని భాగం), అందులో తొమ్మిది కాయిల్స్. అవి చుట్టించడానికి భీమవరంలో, ఉండి ఊరికెళ్లే రోడ్డు వైపున్న రివైండింగ్ షాపుకెళ్లాం. అక్కడ ఎక్కువగా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లే వస్తాయి.

"మేష్టారూ, స్లాట్లే లేవు, కాయిల్ దేంట్లో కూర్చుంటుందండి?" అనడిగారు మేస్త్రి. మామూలు మోటార్లలో కాయిల్స్ స్టేటర్ ఇనుములోని గాళ్లలో, అంటే స్లాట్లలో, కూర్చుంటాయి మరి. రెజిన్‌లో పోత పోస్తామని చెప్పాక, డ్రాయింగ్ చూసి కాయిల్ చుట్టే చెక్క అచ్చు (ఫార్మా) తనే కోసుకున్నారు.

ఇక పనితనం. ఈ మిషన్‌లో కాయిల్ మందం పెరిగితే అయస్కాంతాల మధ్య ఖాళీ పెరుగుతుంది, ఫ్లక్స్ (కాయిల్ గుండా పోయే అయస్కాంత ప్రవాహం) తగ్గుతుంది. మూలల దగ్గర తీగ మీద తీగెక్కి ఉబ్బుతుంది కూడా. ఆయన ప్రతి వరసా చుట్టగానే మూల నొక్కి, కొయ్య సుత్తితో తట్టి, ఆ తర్వాతే పై వరస మొదలుపెట్టారు. చివర్లో తొమ్మిదింటినీ పాత రాగి తూచే కాటా మీద ఒక్కొక్కటిగా పెట్టారు. ఒకటి తేలిగ్గా తూగింది. టర్నులు తగ్గాయని, మేం అడక్కుండానే విప్పి మళ్లీ చుట్టారు.

పిల్లలు రాగి తీగ బదులు కార్బన్ నానోట్యూబ్ దారంతో (అతి సన్నని కార్బన్ గొట్టాలతో పేనినది) కూడా కాగితం మీద డిజైన్ వేశారు. ఫిన్లాండ్‌లోని లప్పీన్‌రాంటా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఆ దారంతో చుట్టిన మోటారు నడిపి చూపించారు: 40 వాట్లు, నిమిషానికి 15,000 చుట్లు, సామర్థ్యం దాదాపు 70 శాతం. రాగి కంటే చాలా తేలిక. కానీ వాహకత మీటరుకి 3.4 మెగాసీమెన్సే, రాగిది 58. అంతే నిరోధం రావాలంటే దారం అడ్డకోత 17 రెట్లుండాలి. మా స్టేటర్‌లో అంత చోటెక్కడిది? లెక్కంతా విని మేస్త్రి, "దారమైతే మూల ఉబ్బదు కదండి" అన్నారు. ఆ మాట మా పిల్లలెవరికీ తట్టలేదు. రిపోర్టులో రాయమన్నాను.

తీగ కిలో లెక్కన, కూలి వేరుగా బిల్లు రాసిచ్చారు, మిగిలిన తీగ కూడా ఇచ్చేశారు. రెజిన్ పోత చెయ్యరు, వార్నిష్ వరకే. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే పని ఒప్పుకోరు, అసలు సైజులో ప్రింటు తీసుకెళ్లండి. రొయ్య కౌంట్‌కొచ్చే (పట్టే సైజుకొచ్చే) రోజుల్లో ఏరేటర్ మోటార్లకే ముందు వరస, మన పని పక్కన పడుతుంది. ఆక్సిజన్ పడిపోతే రాత్రికి రాత్రే చెరువు పోతుంది కాబట్టి నేను తప్పు పట్టను. సబ్మిషన్ డేటు నెత్తిమీద పెట్టుకుని మాత్రం వెళ్లకండి.